కుక్కకు ఉన్నట్టుండి కడుపు చెడితే: రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా

(కావలిలో కుక్కలు పెంచుకునేవాళ్ల ముందు ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం. చివర అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనకున్న వాళ్లకు వినపడతా ఉందా? సరే.

ఒంగోలు గిత్త, నెల్లూరు గొర్రె పుట్టిన నేల మనది. గొడ్డుకు కడుపుబ్బితే ఏం చేయాలో పల్లెలో ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతాడు. కుక్కకు రాత్రి పదకొండు గంటలకు మోషన్లు పట్టుకుంటే మాత్రం ఇంట్లో తలా ఒక మాట. ఒకరు పెరుగన్నం పెట్టమంటారు. ఒకరు మనం వేసుకునే మోషన్ల మాత్ర సగం విరిచి వెయ్యమంటారు. ఇంకొకరు, గడ్డి తింటే అదే తగ్గుద్దిలే అని దుప్పటి కప్పుకుంటారు. ఆ రాత్రి పదకొండు గంటల నుంచి పొద్దున ఆస్పత్రి తలుపు తీసేదాకా ఉండే టైము గురించే ఈ రోజు మాట్లాడతాను.

టీకాలు వేయించిన, ఈడొచ్చిన కుక్క ఏదో తినకూడనిది తిని మోషన్లు పెట్టుకుంటే, మందు వేసినా వేయకపోయినా చాలామటుకు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. అందుకే ప్రతి ఇంటి చిట్కా పనిచేసినట్టే కనపడుతుంది. వాము నీళ్లు తాపిన వాళ్లు వాముతో తగ్గిందంటారు, ఏమీ చేయని వాళ్లు దేవుడి దయ అంటారు. ఇబ్బందల్లా తనంతట తాను తగ్గని రకంతోనే. దానికి కూడా మొదటి ఆరు గంటలు ఇదే చిట్కా నడుస్తుంది, ఆ ఆరు గంటలే దానికి విలువైనవి. కాబట్టి ఆ రాత్రి మీరు తేల్చుకోవాల్సింది ఇది తెల్లారేదాకా ఆగే కేసా కాదా అని. ఆగేదైతే ఒంట్లో నీళ్లు తగ్గకుండా చూసుకోవాలి. మందు ఆలోచన పొద్దునకు పెట్టుకోండి.

అందరూ మొదట విరేచనం దగ్గరికి పోతారు. వద్దు, ముందు కుక్కను చూడండి. పిలిస్తే లేచిందా? తోక ఊపిందా? పై పెదవి పైకెత్తి చిగురు చూడండి. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగులో, తడిగా, వేలికి జారుతూ ఉంటుంది. కోరపన్ను పైన చిగురును వేలితో గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. అంతకు మించి పట్టిందంటే రక్తం సరిగా తిరగడం లేదని అర్థం. మన నాటు కుక్కల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. చిగురు పాలిపోయినా, ఇటుకలాగా ముదురు ఎరుపెక్కినా, పసుపు తిరిగినా ఇంకేం చూడక్కర్లేదు. అప్పుడే డాక్టరుకు ఫోన్ చేయండి.

తర్వాత మెడ వెనక, భుజాల మధ్య చర్మాన్ని పైకి పట్టి వదలండి. వెంటనే అతుక్కోవాలి. గుడారంలాగా నిలబడి మెల్లగా దిగితే నీళ్లు బాగా పోయినట్టు. ఇక్కడొక మెలిక ఉంది. ఒంటి బరువులో నూటికి అయిదు వంతుల నీరు పోయేదాకా ఈ పరీక్షలో ఏమీ తెలియదు. పది కిలోల కుక్కకు అది అర లీటరు. అంటే చర్మం నిలబడటం మీరు చూసేసరికే అర లీటరు పైన పోయిందన్నమాట. చర్మం బాగానే ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ముసలి కుక్కకు, బక్క కుక్కకు మామూలు రోజుల్లోనే చర్మం కాస్త నిలబడుతుంది, కాబట్టి మీ కుక్కది మామూలుగా ఎట్టా ఉంటుందో ఇవాళే ఇంటికి పోయి చూసి పెట్టుకోండి.

జ్వరం చూడడానికి మనకు వాడే డిజిటల్ థర్మామీటరే చాలు, కాకపోతే అది కుక్కదిగా పక్కన పెట్టేయాలి. మొనకు కొబ్బరి నూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి అంగుళం దాకా పోనిచ్చి, బీప్ వచ్చేదాకా పట్టుకోండి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు వేడి. మన లెక్కలో 102 అంటే జ్వరం, కుక్క లెక్కలో కాదు. ముక్కు వేడిగా ఉందని, చెవులు కాలుతున్నాయని చెప్పే లెక్కలు పనికిరావు. 103.5 దాటినా, 99.5 కంటే తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు. తగ్గడం ఇంకా చెడ్డ గుర్తు.

ఇప్పుడు విరేచనం దగ్గరికి పోదాం. ఎక్కువెక్కువ పరిమాణంలో, నీళ్లలాగా, రోజుకు మూడు నాలుగు సార్లు పోతుంటే చిన్నపేగు చెడింది. కొంచెం కొంచెంగా, పది పన్నెండు సార్లు, ముక్కి ముక్కి, చివర జిగటగా బంక పడుతుంటే పెద్దపేగు. జనం రెండోదానికే ఎక్కువ భయపడతారు, ఎందుకంటే మాటిమాటికీ తలుపు తీయాలి, చివర్లో చుక్క ఎర్ర నెత్తురు కూడా కనపడుతుంది. నీళ్లు ఎక్కువగా పోయేది మాత్రం మొదటి దాంట్లో. బంక మీద ఒకటి రెండు ఎర్ర చారలున్నాయి, కుక్క హుషారుగా ఉంది అంటే తెల్లారేదాకా ఆగొచ్చు. తారులాగా నల్లగా, జిగురుగా పోతే అది పైన కడుపులోనో చిన్నపేగులోనో కారి అరిగిన నెత్తురు, ఆగకూడదు. పామేరియన్ లాంటి చిన్న జాతుల్లో ఒక జబ్బుంది. సాయంత్రం దాకా ఆడుకున్న కుక్క రాత్రికి వాంతి చేసుకుని, ఎర్రటి జామ్ లాగా నెత్తురు విరేచనం పెడుతుంది. గంటల్లో ఒంట్లో నీరు పేగులోకి దిగిపోతుంది. దానికి సెలైన్ ఒక్కటే దారి, నోటి వెంట ఎంత తాపినా అందుకోలేం.

వాంతి సంగతి. తిన్న పది నిమిషాలకు, దగ్గూ ఓకరింతా లేకుండా, తిన్నది తిన్నట్టే గొట్టంలాగా బయట పడిందంటే అది వాంతి కాదు, గబగబా మింగింది వెనక్కి వచ్చింది. పొట్ట కండరాలు ఎగిరెగిరి పడి, నురుగో పసుపు నీళ్లో వస్తే అది వాంతి. ఒకటి రెండు సార్లకు కంగారు పడొద్దు. నాలుగు గంటల్లో మూడుసార్లు దాటినా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా ఆగొద్దు. పెద్ద కుక్క, అంటే లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటివి, కక్కబోయి కక్కలేక, పొట్ట డోలు లాగా బిగిసి, అటూ ఇటూ తిరుగుతుంటే కడుపు మెలిక పడి ఉండొచ్చు. ఆ కుక్కకు నీళ్లూ వద్దు, మందూ వద్దు. బండి తీయండి. అది గంటల లెక్క.

ఇక ఏం తిన్నదో చూద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పుస్తకంలో రాసిన కారణాలు వేరు, మన వీధిలో దొరికేవి వేరు.

ఆదివారం మిగిలిన బిర్యానీ బొమికలు సగం కేసులకు మూలం. ఉడికిన బొమిక సూదిలాగా చీలుతుంది. దానికి తోడు చికెన్ తోలు, మటన్ కొవ్వు. కొవ్వు ఒక్కసారిగా ఎక్కువైతే క్లోమం వాస్తుంది. ముందు కాళ్లు చాపి, ఛాతీ నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి సాష్టాంగం చేస్తున్నట్టు పదే పదే నిలబడుతుంటే అది కడుపు నొప్పి. ముద్దుగా ఉందని ఫొటో తీయొద్దు.

మన చేపల పులుసు గురించి చెప్పకపోతే నెల్లూరు జిల్లాలో మాట్లాడినట్టు కాదు. పులుసు కలిపిన అన్నం కుక్కకు పెట్టేది చాలా ఇళ్లలో ఉంది. అందులో ముళ్లు ఒక సమస్య, కారం ఒక సమస్య, ఉల్లిపాయ ఇంకొకటి. పది కిలోల కుక్కకు 150 గ్రాముల ఉల్లి, అంటే ఒక పెద్ద గడ్డ, ఎర్ర రక్తకణాలను పగలగొట్టడానికి చాలు. ఆ దెబ్బ మూడు నుంచి అయిదు రోజులకు బయటపడుతుంది, అప్పటికి పులుసు సంగతి ఎవరికీ గుర్తుండదు. చింతపండు సంగతి కొత్తగా తెలిసింది. ద్రాక్ష తింటే కుక్కకు కిడ్నీలు ఎందుకు పోతాయో ఏళ్ల తరబడి అంతు పట్టలేదు. 2021లో అమెరికా విషవైద్య నిపుణులు దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని రాశారు. ఆ ఆమ్లమే చింతపండులో పుష్కలంగా ఉంది, చింతపండు తిన్న కుక్కలకు కూడా అదే రకంగా కిడ్నీలు దెబ్బతిన్న కేసులు బయటికొచ్చాయి. చారన్నం ఒక ముద్ద నాకిందని హడలిపోనక్కర్లేదు. పులుసు గిన్నె మొత్తం ఊడ్చేసి వాంతులు పట్టుకుంటే మాత్రం డాక్టరుకు చింతపండు అనే మాట చెప్పండి. మూత్రం తగ్గిందేమో మూడు రోజులు గమనించండి, కిడ్నీ రక్తపరీక్ష చేయించండి.

ఎండాకాలం ఉలవపాడు మామిడిపండ్లు వస్తాయి. గుజ్జు తింటే ఏమీ కాదు. టెంక మింగిందంటే పేగుకు అడ్డం పడుతుంది. దీని వేషం వేరు. మొదటి రోజు బాగుంటుంది, తర్వాత తిన్నదల్లా కక్కుతుంది, మోషన్ కొంచెం కొంచెంగా వచ్చి ఆగిపోతుంది. మొక్కజొన్న కంకి కూడా అంతే. మోషన్ ఆగిందని సంతోషపడితే అసలు సంగతి పోతుంది, ఎందుకంటే ఆగింది పేగు. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగొద్దు, పేగు కోసుకుపోతుంది. దారం అట్టాగే వదిలి తీసుకురండి.

తీరం వెంబడి ఎండుచేపలు ఆరబెట్టే చోట, రొయ్యల చెరువుల దగ్గర వదిలిన కుక్కలు ఎండుచేపలు బాగా తిని విపరీతంగా నీళ్లు తాగి కక్కుతాయి. ఉప్పు ఎక్కువై తూలడం, వణకడం మొదలైతే ఆస్పత్రి కేసు.

కందుకూరు, కొండపి, పొదిలి వైపు పొగాకు బ్యారన్లున్న వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కుక్కపిల్ల పొగాకు ఆకు నమిలితే గంటలోపే చొంగ, వాంతి, విరేచనం, ఉడుకులాడ్డం, వణుకు వస్తాయి. నికోటిన్ విషం. గుట్కా ప్యాకెట్టు నమిలినా ఇదే. చేలల్లో కొట్టే పురుగుమందు తాకినా చొంగ కారి, కళ్లలో నీరు కారి, కంటిపాప సూదిమొన అంతై, కండరాలు అదురుతాయి. వంటిమీద మందు పడి ఉంటే చేతులకు తొడుగులు వేసుకుని సబ్బునీళ్లతో కడిగి తీసుకురావాలి. ఎలుకలకు పెట్టే జింక్ ఫాస్ఫైడ్ తిన్న కుక్క కక్కితే వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వస్తుంది. ఆ గాలి మనుషులకూ విషమే, కారులో తెస్తుంటే అద్దాలన్నీ దించండి. పూలకుండీలకు వేసిన ఆముదపు పిండి మీద కుక్కలకు భలే ఇష్టం. సరిగా శుద్ధి కాని పిండిలో రిసిన్ అనే విషం ఉంటుంది, తిన్న కొన్ని గంటలకు గాని, మర్నాటికి గాని నెత్తురు విరేచనాలు పెట్టిస్తుంది. విషం అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాపి కక్కించొద్దు. ఆ ఉప్పే చంపుతుంది. మందు ప్యాకెట్టో డబ్బానో చేతిలో పట్టుకుని రండి.

రోహిణి కార్తెలో ఎండన కట్టేసిన కుక్కకు, కారులో వదిలిన కుక్కకు కూడా నెత్తురు విరేచనాలు అవుతాయి. అది తిండి వల్ల కాదు, వడదెబ్బ. వేడి 105 దాటి ఉంటే ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాను పెట్టి, ఆ తర్వాతే బండెక్కించండి.

ఇక మన ఇంటి కేసు. ఈడొచ్చిన కుక్క, టీకాలు పడ్డాయి, చిగురు బాగుంది, ఒక వాంతి, మూడు నాలుగు మోషన్లు, పిలిస్తే పలుకుతుంది. దీన్ని ఇంట్లోనే ఎట్టా చూసుకోవాలో చెబుతాను.

వాంతి అవుతుంటే గంట సేపు నీళ్ల గిన్నె తీసేయండి. గంట తర్వాత పది కిలోల కుక్కకు రెండు చెంచాలు, అంటే పది మిల్లీలీటర్లు, పావు గంటకోసారి పెట్టండి. లెక్క తేలిక, కిలోకు ఒక మిల్లీలీటరు. రెండు గంటలు కక్కకుండా నిలబడితే రెట్టింపు చేయండి. దాహంగా ఉంది పాపం అని గిన్నె నిండా పోస్తే మొత్తం తాగి మొత్తం కక్కుతుంది, ఇంకొంచెం నీరు పోగొట్టుకుంటుంది.

ఏ నీళ్లు? ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీటికి, చిన్న ప్యాకెట్టు 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్టు మీద చూసి కలపండి. పెద్ద ప్యాకెట్టు ఒక గ్లాసులో కలిపి తాపేవాళ్లున్నారు, ఆ ఉప్పు ఒంట్లో నీటినే పేగులోకి లాగి మోషన్లు పెంచుతుంది. పండ్ల రుచుల తియ్యటి డబ్బా పానీయాలు ఓఆర్ఎస్ కావు. చక్కెర లేనిది అని రాసి ఉంటే అసలు ముట్టుకోవద్దు, అందులో చక్కెర బదులు వేసే జైలిటాల్ ఉంటే కుక్కకు ప్రాణాంతకం. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తల కొట్టి సమంగా. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. కొబ్బరినీళ్లు కొంచెం ఇవ్వొచ్చు గానీ అందులో సోడియం తక్కువ, ఓఆర్ఎస్ పని అది చేయదు.

చాలా కుక్కలకు ఓఆర్ఎస్ రుచి పడదు. ఉప్పు వేయకుండా కోడిమాంసం ఉడికించిన నీళ్లు, కొవ్వు తీసేసి, రెండు చెంచాలు కలిపి చూడండి. పక్కన మామూలు నీళ్ల గిన్నె కూడా ఉండాలి. రోజుకు ఎంత పడాలి? మామూలుగానే కిలోకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి. దానిమీద ప్రతి నీళ్ల విరేచనానికీ, ప్రతి వాంతికీ కిలోకు నాలుగు చొప్పున కలపండి. పది కిలోల కుక్క అయిదు సార్లు పోతే 500 కాస్తా 700 అవుతుంది. కుక్క బరువు తెలియకపోతే దాన్ని ఎత్తుకుని కాటా ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తేడాయే దాని బరువు.

సిరంజితో తాపాల్సి వస్తే సూది తీసేసి, చెంప పక్కన సంచిలోకి, రెండు మిల్లీలీటర్లు వదిలి మింగేదాకా ఆగండి. తల పైకెత్తి గొంతులో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మగతగా ఉన్న కుక్కకు నోట్లో ఏదీ పోయొద్దు. ఇంకొకటి, ఇది ఖచ్చితంగా గుర్తుంచుకోవాలి. రేబిస్ టీకా లేని కుక్క, చొంగ కారుస్తూ మింగలేకపోతుంది, గొంతు మారింది, ప్రవర్తన మారింది అంటే, గొంతులో ఏదో ఇరుక్కుందేమో అని నోట్లో చెయ్యి పెట్టొద్దు. దూరంగా కట్టేసి డాక్టరును పిలవండి.

తిండి విషయంలో పాత సలహా 24 గంటలు ఉపవాసం. ఇప్పుడు అంత అక్కర్లేదు. వాంతులున్న ఈడొచ్చిన కుక్కకు చివరి వాంతి అయిన ఆరు నుంచి పన్నెండు గంటలు ఆపండి. వాంతి లేకుండా మోషన్లు ఒక్కటే అయితే ఆపనే అక్కర్లేదు, పేగు గోడ కోలుకోవడానికి ఆ తిండే కావాలి. ఆరు నెలల్లోపు పిల్లను అసలు పస్తు పెట్టొద్దు, రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ వస్తుంది.

తిండి ఏంటంటే తోలు, ఎముక తీసిన కోడి రొమ్ముమాంసం, మెత్తటి అన్నం. పది కిలోల కుక్కకు రోజు మొత్తానికి 75 గ్రాముల బియ్యం, 100 గ్రాముల మాంసం. కదలకుండా పడుకునే కుక్కకు కావాల్సిన 400 కేలరీలు దాదాపు వస్తాయి. బియ్యానికి అయిదింతల నీళ్లు పోసి గింజ చిదిమితే నలిగిపోయేలా ఉడికించండి. మాంసాన్ని ఒట్టి నీళ్లలో ఉడికించి పీచులు తీయండి. ఉప్పు, పసుపు, నూనె, అల్లం వెల్లుల్లి ఏదీ వద్దు. మొదటి రోజు దీంట్లో సగం, నాలుగైదు సార్లుగా. మొదటి వాయి రెండు చెంచాలే పెట్టి గంట చూడండి. ఇరవై కిలోల కుక్కకు రెట్టింపు పెట్టేస్తారు, అది తప్పు. బరువు రెట్టింపైతే తిండి ఒకటిముప్పాతిక రెట్లకు మించదు.

మాంసం వండని ఇళ్లలో వెన్న తీసిన పాలు విరగ్గొట్టి, బాగా పిండిన పన్నీరు అదే అన్నంలో కలపండి. గుడ్డు తినేవాళ్లైతే ఉడికించిన తెల్లసొన.

బంకబంకగా ముక్కే రకానికి, అంటే పెద్దపేగు రకానికి, ఉడికించిన తీపి గుమ్మడి రెండు చెంచాలో, ఇసబ్‌గోల్ అర చెంచా నీళ్లలో నానబెట్టి గానీ కలిపితే బాగా పనిచేస్తుంది. నీళ్ల విరేచనానికి దానివల్ల పెద్ద లాభం లేదు.

మోషన్ గట్టిపడ్డ తర్వాత ఇంకొక రోజు ఇదే పెట్టి, అప్పుడు పాత తిండి పావు వంతు, మర్నాడు సగం, ఆ మర్నాడు ముప్పావు. ఒక్కరోజులో పాత తిండికి మారిపోతే మళ్లీ మొదటికొస్తుంది, చాలామంది మళ్లీ వచ్చిందండీ అని తెచ్చేది ఇదే. అట్టని ఈ చప్పిడి తిండి నెలల తరబడి పెట్టొద్దు, ఇందులో కాల్షియం లేదు.

మందుల పెట్టె మూసే ఉంచండి. మనం వాడే లోపరమైడ్ మాత్ర పేగు కదలికను ఆపుతుంది. లోపల విషమో సూక్ష్మక్రిమో ఉంటే దాన్ని లోపలే బంధించినట్టు. కోలీ జాతి రక్తమున్న కొన్ని కుక్కల్లో ఆ మందు మెదడులోకి దూరి స్పృహ తప్పిస్తుంది. కడుపు నొప్పి ఉందేమో అని ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయొద్దు. పది కిలోల కుక్కకు 400 మిల్లీగ్రాముల ఇబుప్రోఫెన్ ఒక్కటి వేస్తే కిలోకు 40 పడింది, కడుపులో పుండ్లు పడడానికి అది చాలు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ మీద మనవాళ్లకు మంచి గురి. మా వాళ్లూ చాలా ఏళ్లు రాశారు, కాదనను. 2024లో యూరప్ నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి, కుక్కకు వచ్చే మామూలు, ఓ మోస్తరు విరేచనాలకు యాంటీబయోటిక్ వద్దనే చెప్పాయి. పేగులోని మంచి సూక్ష్మజీవులను అది వారాల తరబడి చెదరగొడుతుంది. డాక్టరు దగ్గరికి పోయి యాంటీబయోటిక్ రాయలేదేంటి అని పోట్లాడొద్దు.

కుక్కపిల్లల సంగతి వేరే. టీకాలు పూర్తికాని కుక్కపిల్ల, తిండి మాని, కక్కి, నీచు కంపు కొట్టే నెత్తురు విరేచనం పెడితే పార్వో కాదని తేలేదాకా పార్వోయే. 1978 నుంచి ప్రపంచమంతా పాకిన వైరస్ అది. ఒంట్లోకి దూరిన మూడు నుంచి ఏడు రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు బయటపడుతుంది. నెల పిల్లను కొని తెచ్చిన వారానికే జబ్బు పడిందంటే మీ ఇంటి నీళ్లు పడక కాదు, చాలామటుకు అమ్మిన చోటే అంటుకుని ఉంటుంది. చేర్చుకుని సెలైన్, వాంతి ఆపే మందు పెడితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. ఇంట్లో పెట్టుకుంటే చాలామటుకు రెండు మూడు రోజుల్లో పోతాయి. విరేచనం దూదికి అద్ది చేసే కిట్ పరీక్ష పది నిమిషాల పని. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయాలి. ఒక్కటి వేయించి అయిపోయింది అనుకునేవాళ్లే ఎక్కువ. తల్లి పాలతో వచ్చిన రక్షణ ఆ మొదటి టీకాను పనిచేయనీయకపోవచ్చు, చివరిదే ముఖ్యం.

ఆస్పత్రికి వచ్చేటప్పుడు బఠాణీ గింజంత మలం మూతున్న శుభ్రమైన డబ్బాలో, రెండు గంటల్లోపుది తేండి. వాంతి ఫొటో తీయండి. ఎన్నింటికి, ఎన్నిసార్లు, ఎంత తాగింది, ఎప్పుడు మూత్రం పోసింది కాగితం మీద రాయండి. టీకా పుస్తకం, చివరిగా నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో ఆ తేదీ కూడా. ఇక్కడ కుదరని పెద్ద కేసులకు నెల్లూరు వైపు వాళ్లకు తిరుపతి పశువైద్య కళాశాల, ఒంగోలు వైపు వాళ్లకు గన్నవరం కళాశాల ఆస్పత్రి ఉన్నాయి. బయల్దేరే ముందు ఫోన్ చేసి పోండి.

ఇప్పుడు అడగండి.

ప్రశ్న: డాక్టరు గారూ, మా చిన్న కుక్కపిల్లకు గేదె పాలు పోస్తున్నాం. మంచివే కదా?

అమ్మా, మీకు మంచివి. తల్లి పాలు మానిన పిల్లకు పాలలో చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది, అరగని చక్కెర పేగులోకి నీళ్లు లాగుతుంది. గేదె పాలలో వెన్న కూడా ఎక్కువ. మన దగ్గర కుక్కపిల్లల విరేచనాలకు ఇది పెద్ద కారణం. పాలు మానేసి మూడు రోజులు చూడండి. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గి ఉంటుంది, అలవాటున్న కుక్కకు రెండు చెంచాలు పర్వాలేదు. జబ్బు పడ్డ రోజే కొత్తగా మొదలుపెట్టొద్దు. తాలింపు పెట్టిన మజ్జిగ, మిరపకాయ, అల్లం వేసింది, అసలు వద్దు.

ప్రశ్న: నులిపురుగుల మాత్ర ఆ రాత్రే వేసేయొచ్చా సార్?

వద్దు అన్నా. కక్కుతున్న కుక్కకు మాత్ర నిలవదు, దానివల్ల ఇంకొంచెం వాంతి. తేరుకున్నాక, బరువు చూసి వేయండి. మామూలుగా దొరికే, రెండు మూడు మందులు కలిపి చేసిన మాత్ర పది కిలోలకు ఒకటి. పిల్లలకు రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి రెండు నెలల దాకా, తర్వాత నెలకోసారి ఆరు నెలల దాకా, ఆపైన మూడు నెలలకోసారి. పిల్లకు చిగుళ్లు పాలిపోయి, నల్లటి మోషన్ అయితే కొంకిపురుగు నెత్తురు తాగుతున్నట్టు, అది మాత్రతో ఆగే దశ దాటి ఉండొచ్చు, చూపించండి. పిడుదులు ఎక్కువగా ఉండి నల్లటి మోషన్‌తో పాటు ముక్కు నుంచి నెత్తురు వస్తే పిడుదు జ్వరం పరీక్ష చేయించండి.

ప్రశ్న: వర్షాకాలంలోనే మా వీధిలో ఎక్కువగా వస్తున్నాయి, ఎందుకు?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. కాలవలు పొంగి ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కుక్క తాగుతుంది. దాంతో వచ్చే లెప్టో అనే జబ్బులో వాంతి, విరేచనం, జ్వరం, తర్వాత కళ్లు పచ్చబడడం ఉంటాయి. మనుషులకూ అంటుతుంది కాబట్టి ఆ కుక్క మూత్రం ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. దానికి టీకా ఉంది, ఏటా వేయించాలి. వాన పడ్డ రాత్రి కప్పను కొరికి నురుగు కక్కే కేసులూ ఉంటాయి. తల కిందికి వంచి, తడిగుడ్డతో చిగుళ్లు తుడవండి, పైపుతో నీళ్లు గొంతులోకి కొట్టొద్దు.

ప్రశ్న: మా పిల్ల పార్వోతో పోయింది సార్. ఫినాయిల్‌తో ఇల్లంతా కడిగాం. ఇంకొక పిల్లను ఎప్పుడు తెచ్చుకోవచ్చు?

ఫినాయిల్ ఆ వైరస్‌ను చంపదమ్మా. ముందు సబ్బునీళ్లతో మురికి మొత్తం పోయేలా కడగండి, మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత బట్టలకు వాడే ద్రవ బ్లీచ్ ఒక కప్పుకు ముప్పై కప్పుల నీళ్లు కలిపి, నేల మీద పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచి కడగండి. బ్లీచ్‌ను ఫినాయిల్‌తో, యాసిడ్‌తో కలపొద్దు, కిటికీలు తెరిచి చేయండి. గిన్నెలు స్టీలువైతే అట్టాగే చేయొచ్చు, గోనెపట్టాలు, పరుపు పారేయండి. మట్టి పెరడును బ్లీచ్‌తో శుద్ధి చేయలేం, అక్కడ నీడపట్టున వైరస్ ఏడాది దాకా బతకగలదు. కొత్తగా తెచ్చేది పదహారు వారాలు దాటి, టీకాలన్నీ పడి, చివరి టీకా అయి రెండు వారాలు గడిచిన పిల్ల అయితే తెచ్చుకోండి. నెల పిల్లను మాత్రం ఆ పెరట్లోకి ఏడాది దాకా దింపొద్దు.